క్లోమంలో గడ్డ: మొదటి సూది పరీక్షలో తేలకపోతే మళ్లీ చేయించాలా?

నాన్నగారి క్లోమంలోని గడ్డకు సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందని బంధువులు భయపెడుతున్నారని, మొదటి రిపోర్టులో ఏమీ తేలలేదని, మళ్లీ చేయించాలా అని అడిగారు. మా అమ్మ విషయంలో మేమూ ఇవన్నీ పడ్డాం.

సూది దారిలో క్యాన్సర్ పాకడం చాలా అరుదు. నోటి గుండా గొట్టం పంపి, దాని కొసనున్న అల్ట్రాసౌండ్‌తో గడ్డను చూస్తూ, జీర్ణాశయం గోడలోంచో చిన్నపేగు గోడలోంచో సన్నని సూది వేస్తారు. నాన్నగారు రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి. తర్వాత కడుపునొప్పి తీవ్రంగా వస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లండి, క్లోమం వాచి ఉండవచ్చు.

అసలు తకరారు ల్యాబులో వస్తుంది. అమ్మ మొదటి రిపోర్టులో ‘అనుమానాస్పద కణాలు’ అన్న ఒక్క మాటే ఉంది. క్లోమం క్యాన్సర్ అనగానే అందరూ అనుకునేది ఎడినోకార్సినోమా, అంటే క్లోమం నాళాల లోపలి పొరలో పుట్టే, ఎక్కువమందిలో కనిపించే రకం. కానీ సీటీలో అమ్మ గడ్డ అంచులు స్పష్టంగా ఉన్నాయి, కాంట్రాస్ట్ మందు ఎక్కగానే తెల్లగా మెరిసింది. ఇది ఆ రకంలా లేదని రేడియాలజీ డాక్టరు పట్టుబట్టారు. దాంతో రెండోసారి కణాలు మాత్రమే కాక గడ్డలోంచి చిన్న ముక్క కూడా వచ్చే సూది వాడారు. ఫార్మలిన్ సీసాలో దారప్పోగుల్లాంటి ముక్కలు నాలుగు తేలుతుంటే, ఇంత హైరానా వీటికోసమా అనిపించింది. వాటికి హార్మోన్ కణాలను గుర్తుపట్టే సినాప్టోఫైసిన్, క్రోమోగ్రానిన్ పరీక్షలు చేస్తే రెండూ పాజిటివ్. న్యూరోఎండోక్రైన్ ట్యూమర్, అంటే హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టే గడ్డ! కణాలు ఎంత వేగంగా పెరుగుతున్నాయో చెప్పే కేఐ-67 రెండు శాతం. 3 శాతం లోపుంటే మొదటి గ్రేడు. మందులు, ఆపరేషన్, ఆశ అన్నీ ఆ పేరుతోనే మారిపోయాయి. యాపిల్ కంపెనీ స్టీవ్ జాబ్స్‌కు 2003లో బయటపడింది కూడా ఈ జాతిదే. ఆయన ఆపరేషన్‌ను నెలల తరబడి వాయిదా వేశారు. ఆ ఒక్కటీ ఆయన దగ్గర నేర్చుకోకండి.

కాబట్టి రెండో సూదికి ఒప్పుకునే ముందు, మొదటి నమూనాలో ఈ పరీక్షలకు సరిపడా ముక్క మిగిలిందా అని ల్యాబును అడగండి. మిగిలితే స్లైడ్లు, ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకు తీసుకుని క్లోమం కేసులు ఎక్కువగా చూసే పాథాలజిస్టుకు (నమూనాలు పరీక్షించే డాక్టరుకు) చూపించండి. క్లోమం క్యాన్సర్‌కు చేసే రక్తపరీక్ష సీఏ 19-9 మామూలుగా ఉందని ధీమా పడవద్దు, అమ్మకూ మామూలుగానే ఉంది. గడ్డ తీసేయడానికి వీలుగా ఉంటే, ఫలితం ఏదైనా ఆపరేషన్ తప్పదా అని సర్జన్‌ను సూటిగా అడగండి. తప్పదంటే కొందరికి మళ్లీ సూది వేయకుండానే చేస్తారు.