గుమ్మడి వడియాలు బెంగళూరులోనూ ఎండుతాయి

చిట్టీ,

నిన్న ఫోన్‌లో నీ మాట విన్నప్పటి నుంచీ నా మనసు ఆ వడియాల మీదే ఉంది. అంత కష్టపడి తరిగి, రుబ్బి, బాల్కనీలో ఆరబెడితే మూడో రోజుకే బూజు పట్టాయన్నావు. "బెంగళూరులో వడియాలు కావు పెద్దమ్మా" అని తేల్చేశావు కూడా. అవుతాయి తల్లీ. ఇక్కడే బెంగళూరు మల్లేశ్వరంలో 34 ఏళ్లుగా ఏటా పెడుతున్నాను.

నువ్వు పెట్టింది నవంబరులో. ఇక్కడ ఆ నెలలో ముసురు, మంచు. మన విజయవాడలోలాగా ఎప్పుడు పడితే అప్పుడు ఎండ కాయదు. ఫిబ్రవరి మొదటి వారం నుంచి మార్చి సగం దాకా గాలి పొడిగా ఉంటుంది, వాన దాదాపు ఉండదు. ఆ ఆరు వారాలే మనవి. ఏప్రిల్ వచ్చిందంటే సాయంత్రాలు ఉరుములు మొదలవుతాయి. ఎండ ఎంత ఉన్నా నమ్మకు.

ఇక కాయ సంగతి. దుకాణంలో ఊరికే 'కుంబళకాయి' అంటే తియ్య గుమ్మడి చేతిలో పెట్టినా పెడతారు. మన బూడిద గుమ్మడి కావాలంటే కన్నడంలో 'బూదు కుంబళకాయి' అని అడుగు. ఎనిమిదో క్రాస్ మార్కెట్లో నేను మూడు కాయలు ఎత్తి చూస్తే గానీ ఒకటి తీసుకోను. చేత్తో రాస్తే అరచేతికి తెల్లగా బూడిద అంటాలి, గోరు దిగకూడదు, చూపుకన్నా బరువుగా తూగాలి. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నాడంటాం చూడు, ఆ బూడిదే. కన్నడంలోనూ అచ్చంగా ఇదే సామెత ఉంది. నున్నటి లేతకాయ మజ్జిగ పులుసుకు బాగుంటుంది కానీ వడియాలకు పనికిరాదు, ముక్క కరిగిపోతుంది.

మొదటి గాటు మగవాళ్లు పెట్టాలంటారు. మా అమ్మ పాటించింది, నేనూ పాటిస్తున్నాను. కాయ కడిగి, తుడిచి, అల్లుడి చేత ఒక దెబ్బ వేయించు. తర్వాత నువ్వు తరుగు. గింజలు తీసెయ్యి, తొక్క మాత్రం తియ్యకు. వేగాక కరకరలాడేది అదే. ముక్క శనగగింజంత ఉంటే చాలు.

నీ పొరపాటు ఇక్కడ జరిగింది. ముక్కల్ని రెండు గంటలు బరువు కింద పెట్టానన్నావు. ఈ కాయలో నూటికి 96 పాళ్లు నీరేనమ్మా, రెండు గంటల్లో ఏం దిగుతుంది? రాత్రి ఉప్పు, పసుపు కలిపి పాత పంచెలో మూట కట్టు. చిల్లుల గిన్నెలో పెట్టి, కింద పళ్లెం ఉంచి, మూట మీద రుబ్బురోలు పొత్రమో నీళ్ల బిందో ఎక్కించు. తెల్లారేసరికి మూట సగానికి దిగుతుంది. పిడికిట్లో పట్టి పిండితే వేళ్ల సందుల్లోంచి చుక్క రాకూడదు. పళ్లెంలో దిగిన నీళ్లు పారబొయ్యకు, పిండి రుబ్బేటప్పుడు మరీ బిగుసుకుంటే అవే చల్లుకో.

రెండున్నర కిలోల కాయకి అరకిలో మినప్పప్పు. పొట్టుపప్పు నానేసి కడిగితే రుచి వేరు. గారెల పిండికన్నా గట్టిగా రుబ్బి, పిండిన ముక్కలు అందులో కలుపు. పచ్చిమిర్చి, అల్లం, జీలకర్ర నీ ఇష్టం. ఉప్పు మాత్రం చూసి వెయ్యి, ముక్కల్లో ముందే ఉంది. ఎండాక ఉప్పదనం ఇంకా పెరుగుతుంది.

ప్లాస్టిక్ షీటు మీద పెట్టకు. నూలుబట్ట అడుగునుంచి తడి పీలుస్తుంది. నీ బాల్కనీకి పదకొండు దాటితే ఎండ ఉండదు కాబట్టి సెక్యూరిటీ అతన్ని అడిగి టెర్రస్ తాళం తీసుకో. ఎనిమిదింటికల్లా పెట్టెయ్యి, నాలుగింటికి లోపలికి తెచ్చెయ్యి. రాత్రి మంచులో వదిలితే పగటి పనంతా వృథా. రెండో సాయంత్రం బట్టని తిరగేసి వెనకవైపు నీళ్లు చిలకరిస్తే వడియాలు విరక్కుండా ఊడొస్తాయి. వాటిని తిరగేసి మరో మూడు రోజులు ఎండనివ్వు. విరిస్తే టప్‌మనాలి, మధ్యలో తెల్లటి మెత్తదనం కనబడకూడదు.

గృహప్రవేశానికి వచ్చిన తియ్య గుమ్మడి ఇంకా అలాగే ఉందన్నావు. తొడిమ ఊడకపోతే నెలల తరబడి నిలవుంటుంది, కంగారు పడకు. ఒక చెక్క బెల్లం వేసి పులుసు పెట్టు, ఇంకో చెక్క ఆవపెట్టి కూర చెయ్యి. ఇక్కడి పెళ్లిళ్లలో వడ్డించే కాశీ హల్వా దీంతో కాదు, అది బూడిద గుమ్మడిదే. తురిమి, పిండి, ఆ పిండిన నీళ్లతోనే ఉడికిస్తారు. వడియాలయ్యాక నేర్పిస్తాను.

గుమ్మానికి దిష్టికాయ కట్టుకో, నాకూ ఆ నమ్మకం ఉంది. కానీ ఆయుధ పూజ రోజు మాత్రం నా మాట విను. ఇక్కడ బళ్లకు దిష్టి తీసి, కుంకుమ నింపిన కాయని నడిరోడ్డు మీద కొట్టేస్తారు. వద్దని ట్రాఫిక్ పోలీసులు చెబుతూనే ఉంటారు. ఒక ఏడాది ఆ మర్నాడు పొద్దున్న మీ పెదనాన్న స్కూటర్ ఆ ముక్కల మీద జారి మోచెయ్యి విరిగింది, ఆ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపలేరు. మీ కారుకి కొట్టించేటప్పుడు గేటు పక్కన ఓ మూల కొట్టించు. పూజ అవగానే నువ్వే నిలబడి ఊడ్పించు. మన ఇంటి దిష్టి ఇంకొకరికి దెబ్బ కాకూడదు.

ఫిబ్రవరి రెండో శనివారం సాయంత్రం నేను మీ ఇంటికి వస్తాను. కాయ, పప్పు తెచ్చి ఉంచు. మూట కట్టడానికి పాత పంచె నేను తెస్తాను, మీ ఇంట్లో అలాంటిది దొరకదు.

మీ పెద్దమ్మ