ముప్పావు చుట్టు తిరిగి ఆగిపోతోంది

ప్రశ్న: సార్, నాకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. ఆరు నెలలుగా రాత్రిళ్లు కూర్చుని, పాత సైకిల్ రిమ్ము మీద నియోడైమియం అయస్కాంతాలు వాలుగా వరుసపెట్టి, కరెంటు లేకుండా తిరిగే చక్రం చేస్తున్నా. వదిలితే దానంతటదే ముప్పావు చుట్టు తిరుగుతుంది, వరుస అయిపోయే చోట ఆగి వెనక్కి ఊగుతుంది. వాలు మార్చా, ఎడం మార్చా, ఇనుప రేకు అడ్డం పెట్టా. ఏ అమరికతో ఆ చోటు దాటుతుంది?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ఏ అమరికతోనూ దాటదు. మొహం మీదే చెప్పేస్తున్నా, ఎందుకంటే మీరు ఇంకో ఆరు నెలలు అయస్కాంతాలు కొనడం నాకిష్టం లేదు.

మీకు సాగర్ డ్యామ్ దగ్గరే కదా. అక్కడి పెద్ద విద్యుత్ కేంద్రంలో ఎనిమిది యూనిట్లుంటే, ఏడింటిని రివర్స్‌లో తిప్పి దిగిన నీళ్లను మళ్లీ పైకి తోడొచ్చు. తోడటానికి పట్టే కరెంటు ఆ నీళ్లు మళ్లీ దిగితే వచ్చేదానికన్నా ఎక్కువే. మీ చక్రం ముప్పావు చుట్టు తిరగడం నీళ్లు దిగడం లాంటిది, ఆ ఆగే చోటు మళ్లీ పైకి ఎక్కాల్సిన గట్టు. లోపలికి లాగిన అయస్కాంతమే బయటికి పోనివ్వదు, ఇచ్చిందంతా అక్కడ వసూలు చేస్తుంది, బేరింగు రాపిడి పైఖర్చు. రేకు కూడా అంతే, దాన్నీ అయస్కాంతం లాక్కుంటుంది, పీకడానికి మళ్లీ మీ బలమే కావాలి.

నా మాట నమ్మక్కర్లేదు. రిమ్ముకు స్ప్రింగ్ త్రాసు కట్టి, పది డిగ్రీలకోసారి ఆపి లాగుడు ఎంతో రాయండి, ముందుకు లాగితే ప్లస్, వెనక్కి లాగితే మైనస్. ఆ 36 అంకెలూ కూడితే సున్నాకు అటూఇటూగా వస్తుంది. అమరిక మారిస్తే గట్టు వెడల్పవుతుంది, లేదా ఇంకోచోటికి జరుగుతుంది, మొత్తం మాత్రం అక్కడే ఉంటుంది.

సిగ్గుపడాల్సిందేమీ లేదు. 12వ శతాబ్దంలో మన భాస్కరాచార్యుడు పాదరసం నింపిన చక్రం గురించి రాశాడు, 1269లో పీటర్ పెరిగ్రినస్ అనే ఆయన అచ్చం మీలాగే అయస్కాంతాల చక్రం ఊహించాడు. 1775 నాటికి ప్యారిస్ సైన్స్ అకాడమీకి విసుగొచ్చి, ఇలాంటివి ఇక పరిశీలించేది లేదని చెప్పేసింది. మన 1970 పేటెంట్ చట్టం సెక్షన్ 3(ఎ) కూడా ప్రకృతి నియమాలకు అడ్డంగా పోయే వాటికి పేటెంటు ఇవ్వదు, కాబట్టి పేటెంటు ఇప్పిస్తా, అడ్వాన్సు ఇవ్వమనేవాళ్లు తగిలితే నమస్తే పెట్టి పంపేయండి. యూట్యూబ్‌లో ఆగకుండా తిరిగే చక్రాలంటారా, బల్ల కింద బ్యాటరీ ఎక్కడుందో వెతకండి.

ఇంతకీ వైండింగ్ మీ చేతిలో పని. చక్రం ఆగే చోట ఒక కాయిల్ చుట్టి, రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరికొస్తే దానంతటదే కలిసే స్విచ్), చిన్న బ్యాటరీ తగిలించండి, దాటేస్తుంది. అప్పుడది మోటారే అవుతుంది, కానీ మీరు చేసిన మోటారు. అయస్కాంతం దాటగానే స్విచ్ తెగేలా పెట్టండి, లేదంటే కాయిలే మళ్లీ వెనక్కి లాగుతుంది. కాయిల్‌కు అడ్డంగా ఒక డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చేది) వేస్తే స్విచ్ మొనలు కాలవు.