కోయిటుకు (కువైట్‌కు) పోతున్న మా చిన్నికి

చిన్నీ,

నీకు వీసా వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసినాడు. "డిసెంబర్ మొదటి వారంలోనే చేరాలంట అక్కా, పండక్కి పిల్ల ఉండదు" అన్నాడు, అంతే, గొంతు పట్టేసి ఫోన్ మీ అమ్మకిచ్చేసినాడు. మన ఇంట్లో నా తర్వాత నర్సుగా గల్ఫ్‌కి పోతున్నది నువ్వే కదా, ఆ సంతోషంతో ఇరుగుపొరుగుకి స్వీట్లు కూడా పంచేసినా. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. పట్టకపోవడానికి కారణం మీ అమ్మ అనుకుంటున్నది కాదు. ఆమె భయం వేరు: "వదినా, అది ముస్లిం దేశం కదా, క్రిస్మస్ చేసుకోనిస్తారా?" నువ్వూ అదే అడుగుతున్నావంట. నీకు బుద్ధుందా? మన వీధి చివర మసీదులో అజాన్ వినిపిస్తే లేచి పరీక్షలకు చదువుకున్నదానివి, రంజాన్‌కి వెనక వీధి నుంచి వచ్చే సేమ్యా పాయసం గిన్నె అడుగంటా నాకేదానివి, ఈరోజు నీకు ముస్లింలంటే టెన్షన్ వచ్చిందా?

చేసుకోనిస్తారు. కువైట్ సిటీలో నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఉంది. ఒకే ప్రహరీ లోపల పదుల కొద్దీ సంఘాలు, రకరకాల భాషల్లో, టైమ్ పంచుకుని ఆరాధన చేసుకుంటాయి, మన తెలుగువాళ్లూ ఉంటారు. క్యాథలిక్కులకు హోలీ ఫ్యామిలీ కెథీడ్రల్ వేరే ఉంది. ఇంకో సంగతి నీకు తెలిసుండదు. మదనపల్లెలో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి కట్టిన అమెరికా రిఫార్మ్‌డ్ చర్చివాళ్లే కువైట్‌లోనూ మిషన్ ఆసుపత్రి పెట్టినారు, వందేళ్ల పైమాటే. 1967లో అది మూతపడింది కానీ ఆ కట్టడం సముద్రం పక్కన ఇంకా ఉంది, అమ్రికానీ అంటారు, ఇప్పుడది సాంస్కృతిక కేంద్రం. ఖాళీ దొరికిన రోజు పోయి చూడు. మీ తాత మదనపల్లె ఆసుపత్రి గురించి ఎప్పుడూ చెప్తుండేవాడు కదా, ఫోటో తీసి పంపితే ఫ్రేమ్ కట్టించి ఆయన ఫోటో పక్కన పెడతా.

25 అక్కడ సెలవు కాదు. ఈసారి, 2026లో, శుక్రవారం పడుతోంది. శుక్ర, శనివారాలు అక్కడ సెలవులే కాబట్టి కలిసొచ్చిందని సంబరపడకు, ఆసుపత్రికి శుక్రవారమూ లేదు శనివారమూ లేదు. చేరిన రోజే రోస్టర్ ఎవరు వేస్తారో కనుక్కుని, 24 రాత్రి గానీ 25 పగలు గానీ ఏదో ఒకటి అడుగు. రెండూ అడిగితే రెండూ పోతాయి. బదులుగా ఈద్ రోజు నువ్వు చేస్తానని చెప్పు. 2027లో రంజాన్ నెల ఫిబ్రవరిలోనే వస్తుంది, ఈద్ మార్చిలో, పెద్ద దూరం కూడా కాదు. ఈద్‌కి డ్యూటీ చేసే అమ్మాయికి వార్డంతా అప్పు పడి ఉంటుంది, నేను అట్లాగే చాలా క్రిస్మస్‌లు సంపాదించుకున్నా. రంజాన్ నెలలో పగలు నలుగురిలో నీళ్లు కూడా తాగకూడదు, అది చట్టం. పేషెంట్లకు మతం గురించి చెప్పొద్దు, కరపత్రాలు ఇవ్వొద్దు. నీ బైబిల్ నీ దగ్గర పెట్టుకో, చాలు. సివిల్ ఐడీ, అంటే అక్కడి గుర్తింపు కార్డు, చేతికొచ్చినాక అది లేకుండా గేటు దాటొద్దు. స్వెట్టర్ కొనుక్కో, అక్కడ డిసెంబర్ రాత్రులు మన హార్స్‌లీ హిల్స్‌లో లాగా వణికిస్తాయి.

ఇక నాకు నిద్ర పట్టని సంగతి. సూట్‌కేసు.

నేను కోయిటులో ఉన్నప్పుడు ఒక ఏడాది పండక్కి మా అమ్మ, అంటే మీ అవ్వ, మటన్ కూరకు మసాలా పంపింది. వెనక వీధి సాయిబుల పిల్లోడు డ్రైవర్ వీసా మీద మొదటిసారి వస్తున్నాడని తెలిసి, అతని చేతికిచ్చింది. ధనియాలు, చెక్క, లవంగం, ఎండుకొబ్బరి అన్నీ దంచి పాత హార్లిక్స్ సీసాలో కూరింది. గసగసాలు మాత్రం దంచితే కనరెక్కుతాయని విడిగా తెల్లగుడ్డలో మూటగట్టి, ఎర్ర దారంతో బిగించి, "ఇవి అక్కడే వేయించి నూరుకో" అని చీటీ కూడా పెట్టింది. మన ఊళ్లో ఏ చిల్లరకొట్టులో అడిగినా పొట్లం కట్టి ఇస్తారు. అవి నల్లమందు మొక్క గింజలనీ, గల్ఫ్‌లో వాటిని మత్తుమందు కిందే చూస్తారనీ మా అమ్మకేం తెలుసు? ఆ పిల్లోడికీ తెలియదు.

ఎయిర్‌పోర్టులో మూట విప్పినారు. ఎవరిదని అడిగితే అరబ్బీ రాక, వచ్చిన రెండు ఇంగ్లీషు ముక్కలూ మర్చిపోయి, "అమ్మ, అమ్మ" అన్నాడంట. వాళ్లమ్మ పెట్టిందనుకున్నారో ఏమో. రెండు రాత్రులు లోపల పెట్టినారు. అవి వంట సామానేనని కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, వచ్చి బతిమాలి విడిపించుకుపోయినాడు. కానీ ఆ ఇంట్లో పని చేసినన్నాళ్లూ, బయటికి పోయి వస్తే చాలు, జేబులు వెతికేవాళ్లంట. నేనేమో అక్కడ రూములో మటన్ కడిగి పెట్టుకుని, మసాలా ఇంకా రాలేదేమని ఎదురుచూస్తున్నా.

ఊళ్లో ఏమైందో తర్వాత మీ నాన్న చెప్పినాడు. ఆ పిల్లోడి తల్లి మన గడపలోకొచ్చి నిలబడిందంట. తిట్టలేదు, ఏడవలేదు. "ఏం పెట్టినావు అక్కా అందులో?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయిందంట. మా అమ్మ ఆ రోజే ఇంట్లో ఉన్న గసగసాలన్నీ కాలవలో పోసింది. పోయేవరకూ మళ్లీ కూరలో వేయలేదు. మన ఇంట్లో మటన్ కూర పల్చగా ఉంటుందని నువ్వు వెక్కిరిస్తావే, ఎందుకో ఇప్పుడు తెలుసుకో. మరుసటి రంజాన్‌కి వాళ్లింటి నుంచి పాయసం గిన్నె ఎప్పటిలాగే వచ్చింది, మా అమ్మకు మాత్రం గొంతు దిగలేదంట. ఆ పిల్లోడు ఇప్పుడు పలమనేరు రోడ్డులో టైర్ల షాపు పెట్టుకున్నాడు. నన్ను చూస్తే "ఏం అక్కా, మసాలా కావాలా?" అని నవ్వుతాడు. నాకు మాత్రం ఈ రోజుకీ నవ్వు రాదు.

కాబట్టి గసగసాలు లేవు, మసాలా పొడి లేదు, ఎవరో ఎవరికో ఇమ్మన్న పొట్లం అసలే లేదు, అది పాస్టరమ్మగారు ఇచ్చినా సరే. దగ్గు మందులో కోడీన్ ఉంటే అదీ వద్దు, నర్సువి, నీకు చెప్పాలా. అరిసెలు, చక్కిలాలు తీసుకుపో. కేకు అక్కడ సూపర్ మార్కెట్‌లో కావలసినంత దొరుకుతుంది.

ఇంకొకటి. అక్కడి టైమ్ మనకంటే రెండున్నర గంటలు వెనక. 24 రాత్రి ఇక్కడ పన్నెండు కొట్టి గంటలు మోగేసరికి నీకు తొమ్మిదిన్నర. అందరూ ఒకేసారి వీడియో కాల్ చేస్తారు, నక్షత్రం చూపిస్తారు, కొత్త బట్టలు చూపిస్తారు, మీ అమ్మ ఏడుస్తుంది. పది నిమిషాలు మాట్లాడి పెట్టెయ్. ఫోన్ పట్టుకుని మంచం మీద పడుకుంటే ఆ రాత్రి తెల్లవారదు. చర్చికి కుదరకపోతే డ్యూటీలోనైనా ఉండు, ఒంటరిగా రూములో మాత్రం ఉండొద్దు.

నాకు మొదటి పండక్కి డ్యూటీనే పడింది. తుంటి విరిగిన ఒక ముసలమ్మ, అరబ్బీ తప్ప ఏమీ రాదు, నా కళ్లు చూసి ఏమైందని సైగ చేసింది. పక్క బెడ్ ఈజిప్టు ఆవిడ చెప్పింది, ఈరోజు వీళ్ల పండగ, ఈసా పుట్టినరోజు అని. ముసలమ్మ దిండు కింది నుంచి ఖర్జూరాల డబ్బా తీసి, గింజ తీసేసి ఒకటి నా నోట్లో పెట్టి, "మరియం, మరియం" అంది. ఖురాన్‌లో మరియమ్మకు నొప్పులొచ్చింది ఖర్జూర చెట్టు కిందేనంట, ఆ పండ్లే తినమని ఒక గొంతు వినిపించిందంట, ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. గ్లవ్స్‌తో తినకూడదని సిస్టర్ అరిచింది, తినేసినా.

మీ అమ్మ మాట వినదు, నాకు తెలుసు. సూట్‌కేసు మూసే ముందు నాకు వీడియో కాల్ చేసి, ఒక్కో పొట్లం విప్పి చూపించు. పప్పుల పొడి కూడా విప్పాల్సిందే.

మీ అత్త