ఇరవై దగ్గర జాగ్రత్త

ముక్తేశ్వరం

అమ్మడూ,

నువ్వు బెసెల్ ఫంక్షన్ల మీద, అదే అలల్లా ఊగుతూ పోనుపోను చిన్నబడే ఆ గణిత ఫంక్షన్ల మీద, పీహెచ్‌డీలో చేరావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సముద్రపు పోటు ఏటి మొగలోంచి పైకి ఎలా ఎక్కుతుందో లెక్క కడతావట. మొగ దగ్గర వెడల్పుగా ఉండి, లోపలికి పోనుపోను ఒకే లెక్కన సన్నబడే కాలువలో, లోతు సమానంగా ఉంటే, పోటు ఎత్తు జే నాట్ ప్రకారమే, అంటే ఆ బెసెల్ ఫంక్షన్లలో మొదటిదాని ప్రకారమే నడుస్తుంది. మన గౌతమి అంత బుద్ధిగా ఉండదనుకో. ఫోను పెట్టేశాక వీధరుగు మీద కూర్చుని నాలో నేనే నవ్వుకున్నాను. ప్రోగ్రాము కూడా నువ్వే రాస్తానన్నావని గుర్తొచ్చింది, ఇక రాత్రి నిద్ర పట్టలేదు.

నిర్వచనాలు ఒకసారి చేత్తో రాసుకో. వేళకి తిను. ఇవి నీకు చెప్పక్కర్లేదు.

శ్రేణి అభిసరిస్తోంది, అంటే పదాలు కలుపుకుంటూ పోతే ఒక విలువ దగ్గర నిలుస్తోంది కదా అని మాత్రం నమ్మకు. జే నాట్ శ్రేణి చూడ్డానికి ఎంత ముద్దుగా ఉంటుందీ! ఒకటి, అందులోంచి ఎక్స్ వర్గంలో నాలుగో వంతు తీసెయ్, ఎక్స్ నాలుగో ఘాతంలో అరవై నాలుగో వంతు కలుపు, అలా. ఏ ఎక్స్‌కైనా అభిసరిస్తుంది. నేను మోసపోయిందీ అక్కడే.

ఎంఫిల్‌లో నాకిచ్చిన లెక్క వేలాడే గొలుసు ఊగడం. బెసెల్ కంటే ఎంతో ముందే, 1730ల్లో డేనియల్ బెర్నౌలీకి ఈ శ్రేణి ఎదురైంది ఆ గొలుసులోనే. ఎక్స్ 20 దాకా గ్రాఫు గీయాలి. మా యంత్రం ఏడంకెలకు మించి మోయదు. 20 దగ్గర, మొదటి ఒకటిని వదిలేసి లెక్కపెడితే, తొమ్మిదో పదమూ పదో పదమూ చెరో 75,94,058 దాకా లేస్తాయి, ఒకటి మైనస్, ఒకటి ప్లస్. అవన్నీ ఒకదాన్నొకటి మింగేశాక మిగలాల్సింది 0.167. ధాన్యం బస్తాల కాటా మీద ఆవగింజ తూచినట్టు! నా కాగితం మీద పడింది రెండు పైచిలుకు. జే నాట్ ఎక్కడా 1 దాటదని నాకు తెలుసే. తెలిసీ ఏదో కొత్త వింత కనిపెట్టాననుకుని మీ తాతకి ఉత్తరం రాశాను. ఆయన ఊరంతా చెప్పుకున్నారు. తప్పు బయటపడ్డాక గైడుగారికి చెప్పడానికి సిగ్గేసి ఎనిమిది నెలలు దాచాను. సెలవులకి వస్తే చాలు, "గొలుసు ఏమందిరా?" అని తాత అడిగేవారు. నేను వానల సంగతి ఎత్తేవాణ్ణి.

నిజానికి ఆ అంకెకి శ్రేణే అక్కర్లేదు. రెండుని, పై ఇంటూ ఇరవైతో భాగించి వర్గమూలం తియ్యి. 20లోంచి పై బై నాలుగు తీసేసి, దాని కొసైన్‌తో గుణించు. 0.1667 వస్తుంది. అసలు విలువ 0.1670. లాగ్ పుస్తకంతో ఐదు నిమిషాల పని, నాకు ఎనిమిది నెలలు పట్టింది! ఇది పెద్ద ఎక్స్‌లకి పనికొచ్చే అసింప్టోటిక్ శ్రేణిలో మొదటి పదం. ఆ శ్రేణికీ ఓ తిక్క ఉంది. పదాలు తగ్గుతూ తగ్గుతూ వచ్చి మళ్లీ పెరుగుతాయి. అన్నిటికంటే చిన్న పదం దగ్గర ఆపెయ్. కోటిపల్లి పంటువాడు రేవు చేరినా ఇంజను ఆపకపోతే ఏమవుతుందో నీకు తెలుసుగా.

నీ యంత్రం పదహారంకెలు మోస్తుంది కాబట్టి 20 దగ్గర నీకేం కాదు. 50 దగ్గర అవుతుంది, వేలల్లో తేడా వస్తుంది. ఆర్డరు, అంటే జే పక్కనుండే సంఖ్య, ఎక్స్‌ని దాటాక రికరెన్స్ కూడా, అదే ఒక ఆర్డరు నుంచి పక్క ఆర్డరు విలువ రాబట్టే సూత్రం, కింది నుంచి పైకి ఎక్కించకు, పైనుంచి కిందికి దింపు.

తప్పు దొరికిన రోజే మీ గైడుకి చెప్పు, తిట్టినా సరే. నోరు రాకపోతే ముందు నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రైనా ఎత్తుతాను.

పెరట్లో బావి గొలుసు ఇంకా అలాగే ఉంది. నాలుగేళ్లప్పుడు దాన్ని ఊపి అమ్మమ్మ చేత తిట్లు తిన్నావు. సంక్రాంతికి వస్తే బొక్కెన విప్పేసి ఊపుదాం. రెండో రకం ఊపులో కదలని చోటు కింది కొస నుంచి పొడవులో 19 శాతం పైన ఉండాలి. టేపు నేను పట్టుకుంటాను. అమ్మమ్మకి చెప్పకు.

మావయ్య