గివ్ అప్ అంటే పైకి ఇవ్వడమా?

ప్రశ్న: సర్, నేను డిగ్రీ ఫైనలియర్. ఫ్రేజల్ వెర్బ్స్ (క్రియకి అప్, ఆఫ్ లాంటి చిన్నమాట తగిలించిన జతమాటలు) లిస్టు ఒకటి డౌన్‌లోడ్ చేసుకుని రోజుకి పది చొప్పున బట్టీ కొడుతున్నా, వారం తిరిగేసరికి పుట్ ఆఫ్, పుట్ అవుట్, పుట్ అప్ విత్ అన్నీ కలగాపులగం అయిపోతున్నాయి. అసలు గివ్ అంటే ఇవ్వడం, అప్ అంటే పైకి, మరి గివ్ అప్ అంటే వదిలెయ్యడం ఎలా అయింది సర్?
– విజయనగరం నుంచి ఒక విద్యార్థి

జవాబు: తమ్ముడూ, ముందు ఆ లిస్టు మూసెయ్. మూసెయ్ అన్నాను కదా, అందులో 'వెయ్' ఉంది, మరి నువ్వు దేన్నైనా ఎక్కడైనా వేస్తున్నావా? లేదు కదా. ఈ పని మనం పొద్దున లేచిన దగ్గర్నుంచి చేస్తూనే ఉన్నాం, గమనించం అంతే. చెప్పు అన్న ఒక్క మాటే తీసుకో, చెప్పెయ్ అంటే నాన్చకుండా బయటపెట్టు అని, చెప్పుకో అంటే నీ బాధ ఎవరితోనైనా పంచుకో అని, చెప్పిపెట్టు అంటే ముందే ఒక మాట వేసి ఉంచు అని. వెనకొచ్చే చిన్నమాట తన సొంత అర్థం వదిలేసుకుని ముందున్నదాని రంగు మార్చేస్తుంది. ఇంగ్లిష్‌లో అప్, ఆఫ్, అవుట్ చేసేది కూడా దాదాపు ఇదే. ఈట్ అప్ అంటే తినెయ్, డ్రింక్ అప్ అంటే తాగెయ్, యూజ్ అప్ అంటే ఉన్నదంతా వాడెయ్యడం. ఇక్కడ అప్ అంటే పైకి కాదు, మొత్తంగా అని. గివ్ అప్ కూడా ఆ దారిలోదే అనుకో, చేతిలో ఉన్నదంతా ఇచ్చేసి చేతులు దులిపేసుకోవడం.

అన్నీ ఇలా విడదీస్తే దొరుకుతాయని మాత్రం చెప్పను. పుట్ అప్ విత్‌ని ఎంత తిరగేసినా అందులో భరించడం కనపడదు. 1755లో శామ్యూల్ జాన్సన్ తన ఇంగ్లిష్ డిక్షనరీ ముందుమాటలోనే ఈ జతమాటలు పరాయివాళ్ళకి మహా కష్టమని రాశాడు, కాబట్టి నీ ఒక్కడి బాధ కాదు. పైగా ఒకే జత రకరకాల వేషాలు వేస్తుంది: ది అలారం వెంట్ ఆఫ్ అంటే మోగింది, ది లైట్స్ వెంట్ ఆఫ్ అంటే ఆరిపోయాయి, బ్రిటన్‌లో ది మిల్క్ హాజ్ గాన్ ఆఫ్ అంటే పాలు విరిగిపోయాయి! ఇవి లిస్టులో రావు, వాక్యంలోనే వస్తాయి. మీ ఇంట్లో జరిగేవే రాసుకో. పాలు పొంగిపోతే ది మిల్క్ బాయిల్డ్ ఓవర్, బస్సు దారిలో చెడిపోతే ది బస్ బ్రోక్ డౌన్, పంచదార అయిపోతే వీ హావ్ రన్ అవుట్ ఆఫ్ షుగర్, పక్కింటి డీజే భరించలేకపోతే ఐ కాంట్ పుట్ అప్ విత్ దిస్ నాయిస్. రోజుకి పది వద్దు, రెండు చాలు.

ప్రశ్న: మెసేజ్‌లో 'స్విచ్ ఆఫ్ ఇట్' అని రాస్తే మా టీమ్ లీడ్ నవ్వాడు. స్విచ్ ఆఫ్ ది ఫ్యాన్ కరెక్టే కదా, ఇట్ పెడితే తప్పెందుకు?
– హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: నవ్వక్కర్లేదు గానీ తప్పేనమ్మా. ఫ్యాన్ లాంటి పేరైతే మధ్యలో పెట్టినా చివర పెట్టినా చెల్లుతుంది, ఇట్, హిమ్, దెమ్ లాంటివి మాత్రం మధ్యలోనే కూర్చోవాలి: స్విచ్ ఇట్ ఆఫ్. అలాగని లుక్ ఆఫ్టర్‌ని విడగొట్టి లుక్ హిమ్ ఆఫ్టర్ అనకండి, అది విడిపోయే జత కాదు, లుక్ ఆఫ్టర్ హిమ్ అనే అనాలి. ఏది విడిపోతుందో తెలియాలంటే లెర్నర్స్ డిక్షనరీ చూడండి, పుట్ సమ్‌థింగ్ ఆఫ్ అని మధ్యలో సమ్‌థింగ్ పెట్టి ఇచ్చారంటే విడిపోతుందని అర్థం.

ప్రశ్న: అమెరికాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు పక్కింటావిడతో మా అబ్బాయి కాలేజీలో పాసవుట్ అయ్యాడని ఇంగ్లిష్‌లో చెప్తే ఆవిడ కంగారుపడి ఇప్పుడు బానే ఉన్నాడా అని అడిగింది. ఏమన్నానండీ నేను?
– గుంటూరు నుంచి ఒక గృహిణి

జవాబు: కళ్ళు తిరిగి పడిపోయాడు అన్నారండీ! పాస్ అవుట్ అంటే అక్కడ స్పృహ తప్పడం. బ్రిటన్‌లో సైన్యంలో, పోలీసుల్లో ట్రైనింగ్ పూర్తిచేస్తే పాస్ అవుట్ అంటారు, పాసింగ్ అవుట్ పరేడ్ మన దగ్గరా ఉంది కదా, మనం దాన్ని ఇంజినీరింగ్ కాలేజీ దాకా లాక్కొచ్చాం. అక్కడ గ్రాడ్యుయేటెడ్ అనండి. అనుకున్న తేదీకంటే ముందే పెట్టుకోవడానికి మనం వాడే ప్రీపోన్ కూడా అక్కడ చాలామందికి ఎక్కదు, మూవ్ అప్ అనాలి. వాయిదా వెయ్యడమైతే పుష్ బ్యాక్. అయినా 'పెళ్ళి ముందుకి జరిపారు' అంటే తొందరగానా ఆలస్యంగానా అని మనింట్లోనే రెండుసార్లు అడుగుతాం, వాళ్ళనేం అంటాం.

ప్రశ్న: ఆఫీసు లెటర్లలో ఇవి వాడొచ్చా?
– అనంతపురం

జవాబు: వాడొచ్చు. క్యారీ అవుట్, సెట్ అప్ పెద్ద పెద్ద రిపోర్టుల్లోనే ఉంటాయి. అర్జీ రాసే ప్రతివాళ్ళూ చివర్లో 'కైండ్లీ లుక్ ఇన్‌టు ది మ్యాటర్' అనే కదా రాస్తారు, అదీ ఫ్రేజల్ వెర్బే. వాళ్ళు చూస్తారా లేదా అన్నది వేరే సంగతి.