రోజూ ఒప్పుకుంటున్నా గిల్టీ ఫీలింగ్ పోవడం లేదంటే

బ్రదర్, వందనాలు. మీరు అడిగింది చదివేవాళ్ళ కోసం ముందు క్లుప్తంగా చెబుతాను. పాత ఉద్యోగంలో తప్పుడు ట్రావెల్ బిల్లులు పెట్టి డబ్బు తీసుకున్నారు, ఎవరూ పట్టుకోలేదు. తర్వాత బాప్తిస్మం తీసుకున్నారు. రోజూ రాత్రి ప్రార్థనలో అదే పాపం ఒప్పుకుంటున్నా మనసు కుదుటపడటం లేదు. ప్రభు బల్ల దగ్గరికి, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి, వెళ్ళాలంటే భయం. "దేవుడు నన్ను క్షమించలేదా?" అంటున్నారు. భార్యకు చెప్పాలా అని కూడా అడిగారు.

క్షమించాడు. 1 యోహాను 1:9లో ఒప్పుకుంటే క్షమిస్తాడనే ఉంది. మన మనసు తేలికపడితేనే ఆ క్షమాపణ చెల్లుతుందని అక్కడ ఎక్కడా లేదు. మరి మనసెందుకు ఊరుకోదు? ఆ డబ్బు ఇంకా మీ దగ్గరే ఉంది కాబట్టి అని నాకనిపిస్తోంది. ముల్లు లోపలే ఉంచుకుని పైన ఆయింట్‌మెంట్ రాస్తే నొప్పి ఎలా తగ్గుతుంది?

మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా నాన్నకి తెనాలిలో కిరాణా కొట్టు ఉండేది. ఒకప్పుడు గల్లాపెట్టెలో డబ్బు తరిగిపోతుండేది. కొట్లో పనిచేసే ఇద్దరు కుర్రాళ్ళలో ఒకడి మీద అనుమానం పడింది, పని మాన్పించారు. నిజానికి తీసింది రెండోవాడు. నాన్న పోయిన చాలా ఏళ్ళకి అతనే వచ్చి చెబితే మాకు తెలిసింది.

అమ్మ వరండాలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. కూర్చోమంటే అతను కూర్చోలేదు. రబ్బరు బ్యాండు వేసిన కవరు అమ్మ పక్కన పెట్టి, "నేనేనమ్మా తీసింది" అన్నాడు. అమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని, అతని ఎదురుగానే నోట్లు లెక్కపెట్టింది. "ఇంత పోలేదురా" అంది. "అయిదో వంతు కలిపానమ్మా, లేవీయకాండంలో అలాగే ఉంది కదా" అన్నాడు. నిజమే, ఆరో అధ్యాయంలో ఉంది. దొంగిలించినవాడు అసలుకి అయిదో వంతు కలిపి సొంతదారుడికి ఇచ్చుకుని, ఆ తర్వాతే బలి తేవాలి. అమ్మ కవరు తిరిగి ఇచ్చేస్తుందనుకున్నాను. ఇవ్వలేదు. ఒళ్ళో పెట్టుకుని, "మరి వాడికి చెప్పావా?" అని అడిగింది.

అతను నోరెత్తలేదు. రూపాయల లెక్క అంత జాగ్రత్తగా వేసుకొచ్చిన మనిషికి, దొంగ అనిపించుకుని వెళ్ళిపోయిన కుర్రాడి దగ్గరికి వెళ్ళే ధైర్యం మాత్రం చాల్లేదు. అమ్మ తిట్టలేదు, ఓదార్చనూ లేదు. "వాణ్ణి మాన్పించింది మేం. పద, నేనూ వస్తాను" అంది. ఇద్దరూ కలిసి వెళ్ళారు. అన్యాయంగా పని పోగొట్టుకున్న అతను అప్పటికి ఆటో నడుపుతున్నాడట. అంతా విని, "సరే, విన్నాను, ఇక వెళ్ళండి" అన్నాడట. క్షమించానని ఆ రోజు అనలేదు, ఆ తర్వాతా అనలేదు.

అయినా తప్పు చేసినతను ఆ తర్వాత నుంచి ప్రభు బల్ల దగ్గర సంస్కారం తీసుకుంటున్నాడు. అమ్మే ప్రోత్సహించింది. "మీ చేతనైనంత మట్టుకు" సమాధానంగా ఉండమనే కదా పౌలు రోమా 12:18లో రాసింది. ఎదుటివాడు క్షమించడం అతని ఇష్టం. దెబ్బ తిన్నవాణ్ణి పట్టుకుని "క్రైస్తవుడివి కదా, క్షమించెయ్" అని ఒత్తిడి చేసే పెద్దల్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇక మీ సంగతి. ముందు, ఆ బిల్లుల వల్ల వేరే ఎవరికైనా మాట వచ్చిందేమో కనుక్కోండి. డబ్బు కంటే అది ముఖ్యం. తర్వాత మొత్తం ఎంతో లెక్క వేసి తిరిగి కట్టండి. డబ్బుతో పాటు పంపే ఉత్తరంలో ఏం రాయాలో మాత్రం ముందు ఒక లాయరుని అడగండి, ఇందులో విశ్వాసం తక్కువేం కాదు. ఆ కంపెనీ మూసేసి, డబ్బు ఇవ్వడానికి ఎవరూ లేకపోతే? సంఖ్యాకాండం 5:8లో అలాంటి సొమ్ము దేవుడిదవుతుంది, యాజకుడికి ఇవ్వాలి అని ఉంది. మీరైతే పేదలకి ఇవ్వండి. బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య కూడా ఆస్తిలో సగం వాళ్ళకే ఇస్తానన్నాడు.

ప్రత్యేక కానుక వేస్తే దోషం పోతుందని ఎవరైనా అంటే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి. దేవుడి వరాన్ని డబ్బుతో కొనబోయిన సీమోనుకి పేతురు ఏం గడ్డి పెట్టాడో అపొస్తలుల కార్యములు 8లో చదవండి. అలాగే దీన్ని ఆదివారం మైకులో సాక్ష్యంగా చెప్పొద్దు. పాస్టరుగారికి ఒక్కరికే, అదీ విషయం బయటికి పొక్కనివ్వని మనిషైతేనే చెప్పండి.

ప్రభు బల్ల భయం గురించి. 1 కొరింథీ 11లో పౌలు గద్దించింది ఎవర్ని? డబ్బున్నవాళ్ళు ముందే తినేసి, తాగి మత్తెక్కి, లేనివాళ్ళని ఆకలితో కూర్చోబెట్టిన సంఘాన్ని. 28వ వచనం చూడండి: తనను తాను పరీక్షించుకుని, అలా చేసి తినాలి అంటుంది. పరీక్షించుకుని మానెయ్యమని లేదు. డబ్బు కట్టడం మొదలుపెట్టండి, ఈ నెలే వెళ్ళండి. మొత్తం తీరేదాకా ఆగక్కర్లేదు.

అన్నీ సరిచేశాక కూడా మనసు పొడుస్తూనే ఉండొచ్చు. మాది గుంటూరు లూథరన్ సంఘం, 1842లో మిషనరీ హెయర్‌గారు వచ్చినప్పుడు మొదలైనది. ఆ పేరు ఎవరిదో ఆ మార్టిన్ లూథర్ కూడా మఠంలో సన్యాసిగా ఉన్నప్పుడు తన పై అధికారి స్టౌపిట్జ్ దగ్గర గంటల తరబడి పాపాలు ఒప్పుకుని, బయటికొచ్చాక ఇంకేదో మర్చిపోయానని కంగారుపడేవాడు. మన హృదయం మనమీద నేరం మోపినా దేవుడు దానికంటే గొప్పవాడని 1 యోహాను 3:20 చెబుతుంది. ఒప్పుకున్నదే మళ్ళీ మళ్ళీ ఒప్పుకోకపోతే నిద్ర పట్టనంతగా ఉంటే మాత్రం అది ఆత్మీయ సమస్య ఒక్కటే కాకపోవచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

భార్యకి చెప్పాలా అంటే, చెప్పండి. నెలనెలా ఆ డబ్బు వెళ్ళేది ఆవిడ నడిపే ఇంటి ఖర్చులోంచే కదా. ఎలాగూ అడుగుతుంది.