మానసిక రోగి మరణంపై ఆసుపత్రి జరిపే సమీక్ష ఎవరి తప్పో తేల్చడానికేనా?

కాదు, చికిత్సలో ఉన్న లేదా ఇటీవలే డిశ్చార్జి అయిన మానసిక రోగి మరణిస్తే ఆసుపత్రి జరిపే సమీక్ష, సేవల్లో లోపం ఎక్కడుందో గుర్తించి మరో మరణాన్ని నివారించడానికి ఉద్దేశించినది. అసహజ మరణాలపై పోలీసులు జరిపే శవ పంచనామా వేరు. అది 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 194వ సెక్షను ప్రకారం జరుగుతుంది.

శిక్ష పడుతుందన్న భయం ఉన్నచోట సిబ్బంది జరిగినదంతా చెప్పరు కనుక, సమీక్షలో ‘ఎవరు’ కన్నా ‘ఎందుకు’ అన్న ప్రశ్నే ముందుండాలి.

ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపూర్‌కు చెందిన తెలుగు కుటుంబంలోని రోగికి బరంపురంలో, స్కిజోఫ్రేనియా అనే తీవ్ర మానసిక వ్యాధికి ఇచ్చే క్లోజపిన్ అనే మందు మొదలుపెట్టి ఇంటికి పంపారనుకుందాం. ఈ మందు వల్ల వచ్చే మలబద్ధకం ముదిరి, అరుదుగానైనా, పేగులు స్తంభించి ప్రాణం పోవచ్చు. ఆ హెచ్చరిక ఒడియా కాగితంలోనే ఉండి, తెలుగు మాత్రమే చదవగల తల్లికి ఎవరూ నోటితో చెప్పక, రోగి అలా మరణిస్తే, ఆ మరణం నర్సు నిర్లక్ష్యం వల్లనేనని తేల్చి ముగించడం సులభమే గాని, దానివల్ల తరువాతి రోగికి ఒరిగేదేమీ లేదు. డిశ్చార్జి సమయంలో తెలుగులో వివరించే మనిషిని నియమించడం, రోగిని చూసిన ప్రతిసారీ మలవిసర్జన గురించి అడగడం అసలు దిద్దుబాట్లు.

ఇటువంటి సమీక్ష ఆత్మహత్యలకే పరిమితమన్నది చాలామంది అపోహ. డిశ్చార్జి తరువాతి తొలి వారాల్లో ఆత్మహత్య ముప్పు ఎక్కువన్నది నిజమే. అయితే తీవ్ర మానసిక వ్యాధిగ్రస్తుల అకాల మరణాల్లో అధికభాగం గుండెజబ్బుల వంటి శారీరక కారణాల వల్లనే సంభవిస్తున్నందున, వాటినీ పరిశీలించవలసిందే.